నా పరపతికి ముప్పు లేదు

కృష్ణానగర్,
12 జూన్ 2000

హరితదీప్తి ఫైనాన్స్‌ల సూర్యుని లోన్లు చూసే సారుకు,

కృష్ణానగర్ రెండో గల్లీల సినిమా బట్టలు ఉతికే బాలమణి నమస్కారం. గీడ మేమందరం మంచిగనే ఉన్నం. జూబ్లీహిల్స్‌ల మీ ఆఫీసు మొత్తం ఏసీ అంట, మీరు గూడ సల్లగనే ఉండి ఉంటరు.

మీరు పోస్టుల పంపిన ముప్పై ఎనిమిది ప్రశ్నల కాయిదం ముట్టింది. మీదికెల్లి సూర్యుని బొమ్మ, దాని కింద 'సౌర నీటి హీటర్లు – పరపతి' అని ఉండె. సోలార్ హీటర్‌కు లోను ఇస్తున్నరని అర్థమయింది. నేను ఏడో తరగతి దాంక సదువుకున్న. మీ తెలుగు సగమే సమజైంది గని, ఒక్క ప్రశ్న గూడ ఇడువలే.

ఫిల్మ్‌నగర్ షూటింగుల సంది నా దుకాణానికి రోజుకు రెండు మూడు వందల డ్రెస్సులొస్తయి. రాజుల సినిమా అయితే సిపాయిల బట్టలు, ఫైటింగ్ సినిమా అయితే నెత్తురు బట్టలు. నిజం నెత్తురు సన్నీళ్లకే పోతది. సినిమా నెత్తురు చక్కెర పాకంల రంగు కలిపి చేస్తరు, అది వేడినీళ్లకే వదులుతది. ఇరవై రెండేండ్ల సంది గిదే పని. మొన్న కరెంటు రేట్లు పెంచినంక గీజర్ల బిల్లు చూస్తే నా కండ్లల్లనే నెత్తురొచ్చింది. గందుకే సూర్యుని దిక్కు మళ్లిన.

కొన్ని జవాబులు గీడ మల్ల రాస్తున్న, కాయిదం మీద జాగ సాల్లేదు.

మీ పరపతి ఎంత అని అడిగిండ్రు. కార్పొరేటర్ ఇంటికి పోయి బాలమణి అంటే కుర్చీ ఏస్తరు. పరపతికి ముప్పు ఉన్నదా అన్నరు. నా పరపతికి ముప్పు తెచ్చేటోడు ఇంకా పుట్టలే.

నిర్ణయాధికారం ఎవరిదన్నరు. నాదే. మా ఆయన రాములు సినిమాలల్ల లైట్‌మన్. ఆయన్ను అడిగినా గదే చెప్తడు. అడిగి చూసిన.

పద్నాలుగో ప్రశ్నల డిఫాల్ట్ ఎన్నిసార్లయితది అన్నరు. దాస్తే ఏమొస్తది సారూ, వారానికి మూడుసార్లు అయితది. వాన పడితే దినాం. వీరయ్యకు కబురు జేస్తే వచ్చి సరిజేసి పోతడు. ఒక చాయ్ తాగిపిస్తే జల్ది జేస్తడు.

మీ కాయిదం మీద నమ్మకంతోని నా రెండు గీజర్లు యూసుఫ్‌గూడ హాస్టలోళ్లకు అమ్మేసిన. లోను ఎన్నడిస్తరో జర జల్ది చెప్పుండ్రి.

ఎండ కోసం ఎదురుచూస్తున్న,
బాలమణి

తా.క. ముప్పయ్యో ప్రశ్నల 'సుస్థిర' అని ఉన్నది. సుస్తీ అనుకొని 'మోకాలు నొప్పి ఒక్కటే' అని రాసిన. రాములు కాదంటున్నడు గని, ఆయనకు గూడ అర్థం తెల్వదు.


జూబ్లీహిల్స్,
19 జూన్ 2000

గౌరవనీయులైన బాలమణి గారికి,

నమస్కారములు. మీరు శ్రద్ధగా నింపి పంపిన పత్రం అందింది. అరవై మందికి పంపితే ముప్పై ఎనిమిది ప్రశ్నలకూ జవాబు రాసింది మీరొక్కరే. ఇద్దరు ఖాళీ పత్రం వెనక్కి పంపారు. ఒకరు దాని మీద కిరాణా చీటీ రాశారు.

నా పేరు ఆనందకుమార్. మాది రేపల్లె. ఈ సంస్థ రిస్క్ పరిశోధన విభాగంలో చేరి ఏడు నెలలైంది. చిన్న వ్యాపారులకు సౌర హీటర్ల కోసం అప్పు ఇస్తే ఎవరు తిరిగి కడతారు, ఎవరు కట్టరు, వాళ్లు ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతున్నారు అన్నది నా అధ్యయనం. దాని పేరు 'పరపతి ముప్పు, సుస్థిర ఇంధన వినియోగ సామర్థ్యం: నూతన పరిశోధన ధోరణులు'. ఆగస్టులో మా ఆఫీసు హాల్లోనే జరిగే సెమినార్‌లో దీన్ని చదవాలి.

చెప్పడానికి ఇబ్బందిగా ఉంది కానీ, మీరు నింపింది అప్పు దరఖాస్తు కాదండి. అది పరిశోధన ప్రశ్నావళి మాత్రమే. మీరు మా అధ్యయనంలో 47వ నమూనా. ఈ పత్రం ఆధారంగా ఎవరికీ అప్పు మంజూరు కాదు. మొదటి పేజీ కింద చిన్న అక్షరాల్లో ఆ సంగతి ఇంగ్లీషులో ఉంది.

గీజర్లు అమ్మేశారని చదివి చాలా బాధపడ్డాను. వీలుంటే వాటిని వెనక్కి తీసుకోగలరేమో చూడండి.

పద్నాలుగో ప్రశ్నకు మీరు ఇచ్చిన నిజాయితీ గల జవాబు నన్ను కదిలించింది. ఇలాంటి విషయం ఎవరూ ఒప్పుకోరు. వారానికి మూడుసార్లు అన్న సంఖ్య సరైనదేనా అని ఒకసారి నిర్ధారించగలరు. అలాగే వీరయ్య గారు మీకు ఏమవుతారు, ఎంతకాలంగా సరిచేస్తున్నారు, మీకొక్కరికేనా ఇంకెవరికైనా కూడానా అన్నది తెలిపితే పరిశోధనకు ఎంతో ఉపయోగం.

భవదీయుడు,
ఆనందకుమార్

తా.క. 22వ ప్రశ్నలో మీ ఇంధన సామర్థ్యాన్ని ఒకటి నుండి పది లోపు అంచనా వేయమంటే మీరు పదకొండు వేశారు. పది అని సవరించుకున్నాను.


కృష్ణానగర్,
27 జూన్ 2000

ఆనందకుమార్ సారుకు,

బాలమణి రాస్తున్నది. ఈసారి నమస్కారం ఆఖరుకు పెడుత, ముందు కోపం ఉన్నది.

లోను ఇయ్యనోళ్లు సూర్యుని బొమ్మ ఎందుకేస్తరు? ఇంగ్లీషుల చిన్నగ రాసినమంటున్నరు. మా గల్లీల తోపుడుబండోడు గూడ పుచ్చిన వంకాయలు కింద పెట్టే అమ్ముతడు. వానికి ఆఫీసు లేదు, గంతే తేడా.

నన్ను నమూనా అన్నరు. నా దుకాణంల నమూనా అంటే కాస్ట్యూమర్ చూయించనీకి తెచ్చే ఒక్క అంగీ. అది నచ్చితే నూరు కుట్టిస్తరు, నచ్చకపోతే పక్కన పడేస్తరు. నన్ను పక్కన పడెయ్యనీకి మీకు సేతకాదు.

గీజర్లు వెనక్కి తీసుకోమన్నరు. హాస్టల్ల డెబ్బై మంది కంప్యూటర్ పోరగాండ్లు ఉన్నరు. పొద్దున పూట వాళ్ల చేతులకెల్లి బకెట్ గుంజుకునే ధైర్యం నాకు గూడ లేదు.

పని ఆగదు గద. రాజుల సినిమా నడుస్తున్నది, నాలుగు వందల సిపాయిల బట్టలొచ్చినయి. గందుకే స్టూడియోల పాత సెట్లు ఇప్పేసిన కట్టె కొనుక్కొచ్చి డ్రమ్ముల కింద మంట పెడుతున్న. పోయిన సోమవారం కోట తలుపు కాల్చిన. మంగళవారం ఒక కోర్టు. జడ్జిగారి బల్ల మంచి టేకు, మూడు డ్రమ్ములు మసిలినయి. ఇంద్రుని సింహాసనం మాత్రం ఉత్త ప్లైవుడ్డు, ఒకటే పొగ, నీళ్లు గోరువెచ్చగ గూడ కాలే.

వీరయ్య సంగతి అడిగిండ్రు. నాకు చుట్టం కాదు. సర్కారు నౌకరీ. పదేండ్ల సంది ఈ ఏరియా ఆయనదే. నా ఒక్కదానికే కాదు, మా గల్లీకి, మీ జూబ్లీహిల్స్ బంగ్లాలకు గూడ ఆయననే దిక్కు. నిచ్చెన ఏసుకొని ఎక్కిండంటే పని అయినట్టే. ఎవ్వరి పేరు అడగడు, ఏ కాయిదం నింపమనడు. మీ ఆఫీసంతటికన్న వీరయ్య ఒక్కడు నయం. వారానికి మూడుసార్లు అన్నది కరెక్టే. పోయిన వారం వాన పడ్డది, ఐదు.

లోను ఇచ్చేదాంక నేను ఉత్తరాలు రాస్తనే ఉంట.

మీ నమూనా కాని,
బాలమణి
(నమస్కారం)

తా.క. జూలైల వారం దినాలు సూర్యుడు గూడ మొహం చూయించడు. ఆయనను నమ్మి లోన్లు ఇచ్చే కంపెనీ నన్ను నమ్మనీకి ఏం నొప్పి?


జూబ్లీహిల్స్,
10 జూలై 2000

గౌరవనీయులైన బాలమణి గారికి,

నమస్కారములు. మీ కోపం న్యాయమైనదే. సూర్యుడి బొమ్మ తీసేయమని మా విభాగాధిపతి లీలాకుమారి గారికి నోట్ పెట్టాను. బొమ్మ గీయించడానికి ఖర్చయింది కాబట్టి కుదరదన్నారు.

మీ తరఫున అప్పు సంగతి కూడా అడిగాను. మా కంప్యూటర్ మోడల్‌లో మీ వివరాలు వేసి చూశాం. మోడల్ అందరినీ మూడు వర్గాలు చేస్తుంది. ఆకుపచ్చ అంటే అప్పు ఇవ్వొచ్చు, పసుపు అంటే ఆలోచించాలి, ఎరుపు అంటే ఇవ్వకూడదు. మీరు ఎరుపులో వచ్చారు. నిజం చెప్పాలంటే ఎరుపులో కూడా చివర వచ్చారు. మీ డిఫాల్ట్ సంఖ్య వేయగానే కంప్యూటర్ రెండుసార్లు ఆగిపోయింది. దానికి తోడు సినిమా రంగంతో సంబంధం ఉన్నవాళ్లను మా సంస్థ ముందే అధిక రిస్క్ కింద లెక్కేస్తుంది. ఇందులో నా వ్యక్తిగత అభిప్రాయం ఏమీ లేదండి.

అయితే ఒక మంచి వార్త. వీరయ్య గారి గురించి మీరు రాసింది చదివి లీలాకుమారి గారు కుర్చీలోంచి లేచారు. పేరు అడగకుండా, పత్రం నింపించకుండా, ఒక టీ మాత్రమే తీసుకుని బస్తీ అంతటి డిఫాల్టులనూ సరిచేసే మనిషి గురించి ఇంతవరకూ ఏ పరిశోధకుడూ రాయలేదు. పైగా ప్రభుత్వోద్యోగి. మీరు వాడిన 'నిచ్చెన' అన్న పోలిక నాకు ఎంతో నచ్చింది. పేదవాడు మెట్టు మెట్టుగా పైకి రావడాన్ని మేమూ అలాగే చెబుతాం. నా వ్యాసంలో ఒక అధ్యాయానికి 'వీరయ్య తరహా హామీ: బస్తీ పరపతిలో కొత్త ధోరణి' అని పేరు పెట్టాను.

సెట్ల కట్టె వాడకాన్ని పునర్వినియోగ ఇంధనం కింద రాసుకున్నాను. అందులో మీకు అరవై మందిలో మొదటి స్థానం వచ్చింది.

భవదీయుడు,
ఆనందకుమార్

తా.క. ఇంద్రుడి సింహాసనం బరువు ఎన్ని కిలోలుంటుందో, మండటానికి ఎంతసేపు పట్టిందో తెలిస్తే పట్టికలో ఒక గడి నిండుతుంది.


కృష్ణానగర్,
21 జూలై 2000

ఆనందకుమార్ సారుకు,

ఎర్ర బాలమణి నమస్కారం.

మీ ఉత్తరం గల్లీల అందరి ముందర సదివిన. ఎవ్వరూ నవ్వలే. మా దగ్గర రిస్క్ అంటే ఫైటర్లు చేసేది. అద్దాలు పలగ్గొట్టుకొని దూకుతరు, మంటలల్ల ఉరుకుతరు. దానికి ఏరే పైసలిస్తరు. నేను పొద్దుగాల లేచి బట్టలు ఉతుకుత, ఆరేస్త, ఇస్త్రీ చేస్త. ఇండ్ల రిస్క్ యాడున్నది? ఉన్నదంటే మరి ఫైటర్లకు ఇచ్చినట్టు నాకు గూడ బత్తా ఇయ్యుండ్రి.

సినిమా రంగమైతే లెక్కనే ముప్పు అన్నరు. సినిమా ఆడకపోతే హీరో ఇంట్ల కూసుంటడు, ప్రొడ్యూసర్ ఫోను ఎత్తడు. గని చొక్కా మాసిందంటే, ఆడిన సినిమాదైనా ఆడని సినిమాదైనా ఉతకాల్సిందే. ఇరవై రెండేండ్లల్ల నా దుకాణం ఒక్క దినం మూతపడలే. మీ కంపెనీ వయసెంత?

ఇగ ఫాల్టుల సంగతి. అవి లెక్కవెట్టి నన్ను ఎర్రగ చేసిండ్రు. ఫాల్ట్ అయితే నా తప్పా? గల్లీ మొత్తానికి అయితయి. ఎదురింటి డాక్టరమ్మకు అయితది. గ్యాస్ కంపెనీల పనిచేసే బసవపున్నయ్య సారుకు అయితది, ఆయన ఎంత పద్ధతి మనిషో. మొన్న ఆదివారం మూల మీది చర్చిల ప్రార్థన నడుమల ఫాల్ట్ అయింది. పాస్టరుగారు గొంతు పెంచి అట్లనే చెప్పిండు గని ఆపలే. వాళ్లందరిని ఎర్రగ చెయ్యుండ్రి ముందుగాల, తర్వాత నా దగ్గరికి రాండ్రి.

ఎరుపంటే మీకు భయమేమో. ఎరుపు వదలగొట్టుడే నా పని. ఎంత ముదిరిన మరకనైనా రెండు మునుగులల్ల తీస్త. నా పేరు మీద మీరేసిన మరక గూడ తీస్త.

మంజూరు అయ్యేదాంక నేను మిమ్ముల్ని ఇడిచిపెట్ట.

ఎరుపుకు భయపడని,
బాలమణి

తా.క. సింహాసనం తూకం తెల్వదు. మోసుకొచ్చిన రాములుకు నడుం పట్టింది. నడుం పట్టితే ఎన్ని కిలోలో మీ కంప్యూటర్ను అడుగుండ్రి.


జూబ్లీహిల్స్,
21 ఆగస్టు 2000

బాలమణి గారికి,

నమస్కారం. నెల రోజులుగా జవాబు రాయలేదు. రాయడానికి మొహం చెల్లలేదండి. జరిగింది జరిగినట్టు చెబుతాను.

పదో తారీఖున మా హాల్లో సెమినార్ జరిగింది. బ్యాంకుల వాళ్లు, ఇద్దరు ప్రొఫెసర్లు, సాఫ్ట్‌వేర్ కంపెనీల నుంచి కొందరు, మొత్తం అరవై మందికి పైగా వచ్చారు. కిటికీలకు తెరలు వేసి, పట్టపగలు లైట్లన్నీ పెట్టి, ఇంధన పొదుపు గురించి మాట్లాడుకున్నాం. నా వంతు వచ్చింది. మీ పేరు చెప్పకుండా 47వ నమూనా అంటూ మొదలుపెట్టాను. కృష్ణానగర్లో ఒక వీధి మొత్తం వారానికి మూడుసార్లు అప్పు ఎగ్గొడుతోందనీ, అందులో ఒక డాక్టరూ చర్చీ కూడా ఉన్నాయనీ, ధార్మిక సంస్థలు సైతం దీనికి అతీతం కాదనీ చెప్పాను. మా అమ్మ తెరెసా రోజూ చర్చికి వెళ్లే మనిషి. ఆమె ఆ మాట వినలేదు, అదే నా అదృష్టం.

తరువాత తెర మీద 'వీరయ్య తరహా హామీ' అని పెద్ద అక్షరాలు వచ్చాయి. ఆ క్షణంలోనే హాల్లో కరెంటు పోయింది. చీకట్లో మా మేనేజర్ గారు గుమాస్తాతో మెల్లగా, "కింద వీరయ్య వచ్చినట్టున్నాడు, వెళ్లి చూడు" అన్నారు. మెల్లగానే అన్నారు గానీ, మైకు నా చేతిలో ఉంది, నేను ఆయన పక్కనే ఉన్నాను. మైకూ స్పీకరూ రెండూ బ్యాటరీవే.

తెర పక్కకు జరిపి కిటికీలోంచి చూశాను. గేటు దగ్గర ఖాకీ చొక్కా మనిషి, భుజాన నిచ్చెన. ఫోన్ చేయకుండానే అంత తొందరగా ఎలా వచ్చాడో నాకు తెలియదు. మేనేజర్ గారు కిందికి పరిగెత్తారు. ఇరవై నిమిషాల తరువాత కరెంటు వచ్చింది. ఆ ఇరవై నిమిషాలూ నేను చీకట్లో నిలబడి, మీ ఉత్తరాలన్నీ మొదటి నుంచీ మనసులో చదువుకున్నాను. వాన పడితే రోజూ. చాయ్ ఇస్తే తొందరగా. ప్రార్థన మధ్యలో.

డిఫాల్ట్ అంటే తీసుకున్న అప్పు కట్టకపోవడమండి. మీరు కరెంటు ఫాల్ట్ అనుకున్నారు. అది మీ తప్పు కాదు. తెలుగులో అడగాల్సిన ప్రశ్నను నేను తెలుగులో అడగలేదు.

లైట్లు రాగానే లీలాకుమారి గారు తరువాతి పేజీకి వెళ్లమని సైగ చేశారు. నేను వెళ్లలేదు. "ఈ అధ్యాయం మొత్తం తప్పు. 47వ నమూనా జన్మలో ఎవరికీ ఎగ్గొట్టలేదు. ఆమె చెప్పింది కరెంటు గురించి. నాకు అర్థం కాక ఆమె మీద మచ్చ వేశాను" అని మైకులోనే చెప్పాను. ఒక ప్రొఫెసర్ గారు, "అయితే ఆ వీరయ్యా ఈ వీరయ్యా ఒకడేనా?" అని అడిగారు. "అవునండి" అన్నాను. హాలు నవ్వడం మొదలుపెట్టి భోజనాల దాకా ఆపలేదు. లీలాకుమారి గారు నాతో ఇప్పటికీ మాట్లాడటం లేదు. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు.

అయినా ఒక పని చేశాను. పద్నాలుగో ప్రశ్నకు సున్నా వేసి మోడల్‌ను మళ్లీ నడిపించాను. మీకు అరవై మందిలో మొదటి స్థానం వచ్చింది. సినిమా రంగం అని తగ్గించినా మొదటి స్థానమే. ఆ కాగితం పట్టుకుని మేనేజర్ గారి గది ముందు రెండు రోజులు కూర్చున్నాను. చివరికి ఆయన సంతకం పెట్టారు. మీ అప్పు మంజూరైంది. మంజూరు పత్రం దీనితో జతచేశాను. ప్రాసెసింగ్ ఫీజు రెండు వేల ఐదువందలు ముందుగా కట్టమన్నారు. కట్టిన నెలలోపు సొమ్ము వస్తుందని చెప్పారు.

నన్ను క్షమించండి.

మీ,
ఆనందకుమార్

తా.క. ఆఫీసులో నా పేరు ఇప్పుడు వీరయ్య. ఇకపై ఉత్తరాలు నా గదికి రాయండి: మూడో అంతస్తు, వాటర్ ట్యాంకు పక్క ఇల్లు, వెంగళరావు నగర్.


కృష్ణానగర్,
1 సెప్టెంబర్ 2000

బిడ్డ ఆనందకుమార్‌కు,

బాలమణి ఆశీర్వాదం. సారు అని రాయబోయి కొట్టేసిన. అరవై మంది ముందర తప్పు ఒప్పుకున్నోన్ని సారు అంటే దూరమైనట్టుంటది.

నీ ఉత్తరం రెండుసార్లు సదివిన. ఒకసారి నవ్విన, రెండోసారి నవ్వలే. నా పేరు మీద మరక నేను తీస్తనన్న. నువ్వే తీసినవ్. అది నాకు యాదికుంటది.

ఇగ లోను సంగతి. నాకు వద్దు. మంజూరు కాయిదం మడిచి దీంట్లనే పెడుతున్న, వాళ్లకు తిరిగి ఇయ్యి. నువ్వు రెండు దినాలు కూసొని తెచ్చినవ్, నీకు కష్టమనిపిస్తది. ఎందుకు వద్దంటున్ననో మొత్తం సదువు.

మొన్న మా గల్లీల ఫాల్ట్ అయితే వీరయ్య వచ్చిండు. చాయ్ ఇచ్చి నీ ముచ్చట జెప్పిన. నిచ్చెన గోడకు ఆనిచ్చి కూసొని మస్తు నవ్విండు. నవ్వి నవ్వి, "వదినా, ఆ దినం నేను రిపేరుకు పోలే" అన్నడు. "మరెందుకు పోయినవ్?" అంటే, "మూడు నెలల సంది ఆ ఆఫీసు బిల్లు కడుతలేదు. లైను కొయ్యనీకి పోయిన. కోసిన గూడ. మేనేజరు కిందికి ఉరికొచ్చి, మీద పెద్దమనుషులున్నరు, ఇజ్జత్ పోతదని బతిలాడి, మా సారుకు ఫోన్ కలిపి చెక్కు రాసిచ్చిండు. గప్పుడు మల్ల కలిపిన" అన్నడు.

నువ్వు ఫోన్ చెయ్యకుండ ఎట్లొచ్చిండని అడిగినవ్ గద. గందుకే. మీ హాల్ల అయింది ఫాల్ట్ కాదు బిడ్డా. నువ్వు నాకు అర్థం చెప్పినవే, అదే.

ఆ చెక్కు గూడ బ్యాంకుల చెల్లలేదంట. వచ్చే సోమవారం మల్ల కొయ్యమని వీరయ్యకు ఆర్డర్ వచ్చింది. ఈసారి మీటర్ గూడ ఇప్పుకపొమ్మన్నరు.

ఇంకో మాట. నాకొక్కదానికే మంజూరైందనుకుంటున్నవ్. మా గల్లీల ఇంక తొమ్మిది మందికి గసొంటి కాయిదాలే వచ్చినయి. అండ్ల ముగ్గురు నీ ప్రశ్నల కాయిదం ముట్టుకోను గూడ ముట్టుకోలే. అందరిని రెండు వేల ఐదువందలు ముందుగాల కట్టమన్నరు. నీ కంప్యూటర్ ఆకుపచ్చ అన్నదని కాదు బిడ్డా, మేనేజర్‌కు ఫీజులు గావాలె, గందుకే సంతకం పెట్టిండు. డాక్టరమ్మ అప్పటికే పైసలు కట్టనీకి బయలెల్లింది. ఆటోకు అడ్డం నిలబడి దింపిన. ఇంటింటికి పోయి అందరికి చెప్పిన. ఒక్కరు కట్టలే.

మీ కంపెనీ నన్ను ముప్పై ఎనిమిది ప్రశ్నలు అడిగింది. నేను కంపెనీని ఒక్కటి అడగాల్సింది ముందే. కరెంటు బిల్లు కట్టిండ్రా అని. ఇగ ముందు ఎవరు లోను ఇస్తనని వచ్చినా గదే అడుగుత.

నా నీళ్ల సంగతి ఫికర్ చెయ్యకు. టోలిచౌకిల జహంగీర్ భాయ్ అని సోలార్ హీటర్లు బిగించే మనిషి ఉన్నడు. పోయిన వారం ఆయన దగ్గరికే సీదా పోయిన. పైసలు మొత్తం లేవు, నెల నెల ఇస్త అన్న. ఆయన నాతోని వచ్చి దుకాణం చూసిండు. ఎన్నేండ్ల సంది ఈ గల్లీల ఉన్నవన్నడు. పక్క దుకాణమోన్ని నా గురించి అడిగిండు, నా ముందరనే. మిద్దె ఎక్కి ఎండ ఎటు పడుతదో చూసిండు. పొయ్యిల కాలుతున్న సగం గుర్రం బొమ్మ చూసి ఇది ఏందన్నడు. దీని మీదనే రాజుగారు యుద్ధానికి పోయిండన్న. చాయ్ తాగిండు. "బేస్తవారం బిగిస్త" అన్నడు. బిగించిండు. ఇయ్యాల పొద్దుగాల మొదటిసారి సూర్యుని నీళ్లల్ల బట్టలు ముంచిన. చెయ్యి పెట్టలేకపోయిన, గంత వేడి. పొగ లేదు. రాములు మిద్దె మీదికి పోయి గంటసేపు ఆ గొట్టాలను చూసుకుంట కూసున్నడు. ముప్పై ఏండ్లు లైట్లు మోసిన మనిషి, పైకెల్లి ఉత్తగ వచ్చే వెలుగును ఇప్పుడే చూస్తున్నట్టు.

ఇగ నీ సంగతి. సోమవారం లోపల ఈ నెల జీతం చేతిల తీసుకో. చెక్కు ఇస్తే వద్దను. బల్లల ఉన్న నీ సామాను తెచ్చుకో. మీ అమ్మకు నేను రాసుడు బాగుండదు గని, నువ్వు రాస్తే తప్పు చేసి నౌకరీ పోయిందని రాయకు, తప్పు చెప్పి వచ్చిన అని రాయి.

జహంగీర్ భాయ్‌కు ఒక మనిషి గావాలె. ఎవరింట్ల ఎన్ని నీళ్లు ఖర్చయితయి, ఎంత పెద్ద హీటర్ సరిపోతది, ఎవరికి నెల నెల కట్టుకునేటట్టు ఇయ్యొచ్చు, గివన్ని చూసి చెప్పేటోడు. అది నువ్వు సదివిందే గద. నీ పేరు చెప్పిన. "నమ్మచ్చా?" అన్నడు. "కొత్తల నన్నే దొంగను చేసిండు. తప్పని తెలిసినంక పెద్ద మేడం సైగ చేసినా ఇనకుండ, నౌకరీ పోతదని తెలిసి గూడ, మైకుల చెప్పిండు" అన్న. ఆయన ఇంకేం అడగలే. శుక్రవారం నమాజు అయినంక రమ్మన్నడు.

పోయి కలువు. సిగ్గుపడకు. పూచీ నాది.

నీ మీద నమ్మకమున్న,
బాలమణి

తా.క. జీతం ఎంత గావాలని అడుగుతడు. తల వంచుకొని తక్కువ చెప్తవేమోనని, నేను ముందే ఎక్కువ చెప్పి ఉంచిన. దాని మీదికెల్లి దిగకు.